నలభై గదుల్లో పట్టని కుక్క

జూన్ 3, మంగళవారం

పొద్దున్నే కుక్కల సెలూన్ నుంచి ఆఫీసుకి ఫోను. మా ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే స్నానాల మెషీన్ ఒక బొచ్చుకుక్కకి స్నానం చేయించి, ఆరబెట్టడం మొదలుపెట్టి, ఇక ఆపలేదట. సెలూన్ నడిపే అక్క పరుగెత్తుకెళ్లి ప్లగ్గు పీకితే గానీ ఊరుకోలేదట. చల్లగాలి కాబట్టి కుక్కకి ఏమీ కాలేదు. పైగా లోపల గుర్రుపెట్టి నిద్రపోయిందట. కాకపోతే బొచ్చంతా లేచి నిలబడి, లోపలికి వెళ్లినదానికి మూడింతలై బయటికొచ్చింది.

దాని యజమాని రిటైరైన జడ్జిగారు. బయటికొచ్చినదాన్ని ఎగాదిగా చూసి, "ఇది నా కుక్క కాదు. నా కుక్కని నాకు తెచ్చివ్వండి" అని వెళ్లిపోయారట.

మేనేజర్ అందర్నీ కూర్చోబెట్టాడు. సెలూన్ల సంఘం మా మెషీన్లు తీసుకోవాలా వద్దా అన్నది ఈ నెలలోనే తేల్చబోతోంది. తప్పెక్కడుందో వెంటనే కనిపెట్టమన్నాడు.

స్నానాల ప్రోగ్రామ్ రాసింది గడ్డం. అతని గడ్డం గదిలోకి వచ్చిన కాసేపటికి అతను వస్తాడు, అందుకే ఆ పేరు. "నా ప్రోగ్రామ్ బంగారం సార్. లాగింగ్‌లో ఏదో ఉంది" అన్నాడు, నా వైపు చూడకుండా.

లాగింగ్ చూసుకునేది నేను. మెషీన్ చేసే ప్రతి పనినీ ఒక లైనుగా రాసిపెట్టుకునే కోడ్ అది. ఏ కుక్క వచ్చింది, నీళ్లెప్పుడు వదిలాం, గాలి ఎప్పుడు పెట్టాం. అంతే. మూలన కూర్చుని రాసుకునేవాడు ఎవర్నేం చేస్తాడు పాపం?

దాన్ని రాసింది మా ఆయన, ఇదే ఆఫీసులో పనిచేసే రోజుల్లో. అందుకని వెనకేసుకొస్తున్నానని కాదు.

జూన్ 4, బుధవారం

లాగింగ్‌లో తప్పు లేదు.

జూన్ 5, గురువారం

సెలూన్‌కి వెళ్లి కుక్కని చూశాను. నవ్వకూడదనుకుంటూనే వెళ్లాను. అది కుక్కలా లేదు. ఎవరో పరుపు విప్పి దూది కుప్పపోసి, దానికి ముక్కు అంటించినట్టుంది. కళ్లు కనబడవు. అది నడిచి వచ్చి నా మోకాలికి గుద్దుకుని, క్షమాపణగా కాబోలు, బూటు నాకింది.

"జడ్జిగారు పెద్దగా కేకేసి పిలిచారు మేడం. ఇది ఆయన పక్కనించే నడిచెళ్లిపోయి గోడకి తోక ఊపింది. ఆయన మొహం చూడాలి మీరు. చిన్నబుచ్చుకున్నారు పాపం" అంది సెలూనక్క.

జడ్జిగారు ఇంకోమాట కూడా కబురుచేశారట. విషయం తేలేదాకా ఆ కుక్కని అలాగే ఉంచాలి. స్నానం చేయించకూడదు, దువ్వకూడదు. అది సాక్ష్యం.

సెలూన్ సాయంత్రం మూసేస్తే సాక్ష్యం ఎక్కడ పడుకోవాలి? ఆఫీసులో మేనేజర్ కళ్లు అందరి మీదా తిరిగి నా మీద ఆగాయి. గడ్డం అప్పటికే కిటికీలోంచి ఆకాశం చూస్తున్నాడు.

ఇంటికి తీసుకొచ్చాను. తలుపు తీసిన అత్తయ్య ఒక్క అడుగు వెనక్కి వేసింది.

"ఏంటమ్మాయ్ ఇది?"

"కుక్క అత్తయ్యా."

"ఏ వైపు నుంచి?"

జూన్ 6, శుక్రవారం

అత్తయ్య దానికి దూదిబస్తా అని పేరుపెట్టింది. కుక్కలంటే పడదని పెళ్లయినప్పటి నుంచీ చెబుతున్న మనిషి, పొద్దున నా కప్పులో పాలు దానికి పోసి, నాకు నల్ల టీ ఇచ్చింది.

జూన్ 7, శనివారం

మా ఆయన ఈత క్లాసు నుంచి వచ్చి, తల తుడుచుకుంటూ అడిగాడు. "ఏమంటున్నాడు గడ్డంగాడు?"

"లాగింగ్‌లో ఉందంటున్నాడు."

"నా కోడ్‌లోనా? నేను రాసినదాంట్లోంచి చుక్క నీరు కారదు. వాణ్ని వాడి సంగతి చూసుకోమను."

ఉద్యోగం మానేసి పిల్లలకి ఈత నేర్పడం మొదలుపెట్టాక ఆయన ఉపమానాలన్నీ నీళ్లలోనే ఉంటున్నాయి.

ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. నేను ఆయన్ని కాదు, ముందు ఆయన కోడ్‌ని ఇష్టపడ్డాను. కొత్తగా చేరిన రోజుల్లో లాగింగ్ ఫైలు తెరిచాను. కుక్క పేరు రాసుకోవడానికి మెమరీలో నలభై గదులు తీసుకుని, ఒకే ఒక్క లైన్లో, పేరు అయిపోయేదాకా అక్షరం వెనక అక్షరం దించేసే ముక్క ఉంది. ఒక్క లైను! మిగతావాళ్లయితే దానికి పేజీ రాస్తారు. ఇంత పొందికగా ఆలోచించే మనిషి ఇల్లు కూడా ఇంతే పొందికగా ఉంచుకుంటాడు అనుకున్నాను. తడి తువ్వాలు ఇప్పుడు నా కుర్చీ మీదే ఉంది.

అయినా ఆ లైను మాత్రం ముత్యం.

జూన్ 9, సోమవారం

గడ్డం కొత్త సిద్ధాంతం: కుక్క తోకతో మీట నొక్కింది. మేనేజర్ తోక కొలవమన్నాడు. కొలిచాం. దూది పోగా ఎంతో తెలియలేదు. సగటు వేశాం.

జూన్ 10, మంగళవారం

సెలూన్‌లో మెషీన్‌తో పరీక్షలు మొదలుపెట్టాను. సాక్ష్యాన్ని తడపకూడదు కాబట్టి, కుక్కకి బదులు అత్తయ్య ఉన్ని రగ్గు వాడాను. అడగలేదు. పేరు అడిగినప్పుడు 'అ' అని కొట్టాను. రగ్గు తడిసింది, ఆరింది, మెషీన్ బుద్ధిగా ఆగింది. మళ్లీ 'అ'. మళ్లీ ఆగింది. సాయంత్రందాకా అదే తంతు. రగ్గు ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

చూశారా, లాగింగ్‌లో తప్పు లేదు. ఎవరికి చెబుతున్నానో నాకే తెలియదు.

జూన్ 11, బుధవారం

అత్తయ్య రగ్గు వెతుక్కుంటూ సెలూన్‌కే వచ్చేసింది, దూదిబస్తాని చంకనేసుకుని. అది చంకలో పట్టే వస్తువు కాదు. ఎవరో మబ్బుని మోసుకొస్తున్నారనుకున్నాను.

"నా రగ్గుకి నీళ్లు పోయడానికా నీకు జీతమిచ్చేది?"

"పరీక్ష అత్తయ్యా. అయిపోవచ్చింది."

ఆవిడ నా వెనక నిలబడి చూసింది. నేను 'అ' కొట్టాను.

"అదేంటమ్మాయ్, పేరడిగితే 'అ' అంటావు? దీనికి శుభ్రంగా పేరుంది కదా, మెడపట్టీ మీద. ఉన్న పేరు కొట్టకుండా ఆ 'అ' ఏంటి, బడిలో పలక పట్టినట్టు? లే."

లేచాను. ఆ పరిస్థితిలో ఎవరైనా లేస్తారు. అత్తయ్య దూది పక్కకి తోసి, మెడపట్టీ బిళ్ల చదువుతూ, ఒక్క వేలితో, ఒత్తులు వెతుక్కుంటూ కొట్టింది: శ్రీమాన్ దొంగలగండ ప్రచండ భైరవ మార్తాండ.

నీళ్లు. సబ్బు. నీళ్లు. గాలి. గాలి. గాలి.

సెలూనక్క ప్లగ్గు పీకింది. తలుపు తీస్తే రగ్గుకి బదులు గొర్రె ఉంది.

"ఇప్పుడు దీన్ని నేనెలా కప్పుకోవాలి?" అంది అత్తయ్య. నేను లాప్‌టాప్ తెరమీద, లాగింగ్ రాసిన చివరి లైను చూస్తున్నాను.

జూన్ 12, గురువారం

మంచంమీదే కూర్చుని రాస్తున్నాను. ఆఫీసుకి వెళ్లాలని లేదు.

మెషీన్ మెమరీ గోడల్లేని హాలు. నేలమీద గీతలు గీసుకుని, ఈ నలభై గదులు పేరుకి, ఆ పక్కవి ఆరబెట్టే టైముకి అని పంచుకున్నాం. గీత దాటితే అడిగేవాడు లేడు. ఇంగ్లీషు అక్షరం గదికొక్కటి కూర్చుంటుంది. మన అక్షరాలు జమీందార్లు. ఒక్కొక్కటి మూడేసి గదులు అడుగుతుంది, గుణింతానికి ఇంకో మూడు, ఒత్తుంటే దాని బలగం వేరు. అత్తయ్య వేళ్లమీద లెక్కపెడితే కుక్క పేరు పదిహేడు అక్షరాలు. మెషీన్‌కి నూట ఆరు గదులు.

నలభై గదులు నిండాయి. ఆ ముత్యంలాంటి లైను ఆగి చూడలేదు. దానికి చూడటం రాదు. పేరు అయిపోయేదాకా దించుతూనే పోయింది. ప్రచండుడు వెళ్లి ఆరబెట్టే టైము మీద కూర్చున్నాడు. మెషీన్ ఆ అక్షరాలనే అంకె అనుకుంది. ఆ లెక్కన గాలి ఆగేసరికి నాకు మనవలు పుట్టి, వాళ్లకి పెళ్లిళ్లవుతాయి.

ఇన్నాళ్లూ సెలూన్‌లో 'టామ్' అనో 'కుక్క' అనో కొట్టేవాళ్లు. ఈమధ్య పేర్లు యజమానులే కొట్టుకునేలా చేశాం. జడ్జిగారు బిరుదులతో సహా కొట్టారు.

లాగింగ్‌లో తప్పు

జూన్ 13, శుక్రవారం

మా ఆయనకి చెప్పాను. మెల్లగా, బాధపడకుండా చెప్పాలని టీ ఇచ్చి, పక్కన కూర్చుని, కోడ్ చూపించాను. ఆ లైను మీద వేలు పెట్టాను. ఆయన కళ్లు చిట్లించి చూశాడు. తర్వాత హాయిగా నవ్వాడు.

"ఓస్, ఇదా! ఇది నాది కాదే."

"మరి?"

"గడ్డంగాడిది. వాడి ఫైల్లోంచి ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టా. అప్పట్లో పని త్వరగా అయిపోతే ఈతకి వెళ్లొచ్చు కదా. నేను రాసింది దీనికి పైనా కిందా ఉన్నది. అది నాలుగు పేజీలుంటుంది చూడు."

చూశాను. ఆ నాలుగు పేజీలు ఎప్పుడూ చదవలేదు. ఇల్లు ఎలా ఉంచుకుంటాడో అందులో స్పష్టంగా రాసే ఉంది.

జూన్ 13, మళ్లీ

అయితే నేను ఎవర్ని చూసి పెళ్లి చేసుకున్నట్టు?

జూన్ 16, సోమవారం

ఇన్నేళ్లుగా గడ్డం లాగింగ్‌ని తిట్టని రోజు లేదు. ఆ లైను అతనిదేనని చెప్పాను. తెరమీద లైను చూసుకున్నాడు. గడ్డం నిమురుకున్నాడు. తర్వాత గొంతు మారింది.

"ఆ రోజుల్లో మెమరీ ఎక్కడుంది మేడం? నలభై గదులంటే రాజభోగం. అయినా చూడండి, ఎంత ముద్దుగా ఉందో. ఒక్క లైను!"

"ఆగడం తెలియని లైను."

"కుక్కకి అంత పేరు ఎవడు పెడతాడు మేడం? తప్పు కుక్కది."

నేను లాగింగ్‌ని కడిగిపారేస్తుంటే గడ్డం అడ్డం పడుతున్నాడు. మేనేజర్ మధ్యలో తల తిప్పి తిప్పి మెడ పట్టేసి, ఇంటికి వెళ్లిపోయాడు.

జూన్ 17, మంగళవారం

సరిచేశాను. చాలా సులువు. నలభై నిండగానే ఆగిపో అన్నాను. అక్షరం సగంలో తెగకుండా జాగ్రత్త కూడా తీసుకున్నాను. గురువారం జడ్జిగారి ఎదురుగానే కుక్కకి స్నానం. నాకు నేనే భుజం తట్టుకున్నాను.

జూన్ 19, గురువారం

రాయాలని లేదు. రాయకపోతే మర్చిపోతాను. మర్చిపోతే బాగుండు.

జడ్జిగారు సూటు వేసుకుని వచ్చారు. సెలూన్ల సంఘం పెద్దలు ఇద్దరు, ఇంకా కుక్కలతో వచ్చినవాళ్లు చాలామంది. జడ్జిగారు దూదిబస్తా వైపు చూడకుండానే, తెరమీద పేరు తానే స్వయంగా కొట్టారు. మెషీన్ తలుపు మూసుకుంది. నీళ్లు, సబ్బు, నీళ్లు, గాలి. సరిగ్గా టైముకి గాలి ఆగింది. మేనేజర్ నా వైపు చూసి నవ్వాడు. ఈ ఉద్యోగంలో ఆయన పళ్లు చూడటం అదే మొదటిసారి.

పని పూర్తయిందని మెషీన్ మైకులో చెబుతుంది. గడ్డం దానికి వేరే ఏర్పాటు చేయడానికి బద్ధకించి, లాగ్‌లో రాసుకున్న పేరే వాడుకున్నాడట. ఆ సంగతి నాకు చెప్పలేదు.

నలభై గదుల్లో చివరిది 'ఇక్కడితో సరి' అన్న గుర్తుకి పోతుంది. 'శ్రీమాన్ దొంగ' దాకా ముప్ఫై ఏడు గదులు. తర్వాతి 'ల'కి మూడు కావాలి. మిగిలింది రెండు. నేను ఎంతో జాగ్రత్తగా అక్కడ ఆపాను.

"స్నానం పూర్తయింది," అంది మెషీన్, తీయటి ఆడగొంతుతో. "శ్రీమాన్ దొంగ, దయచేసి బయటికి రావాలి."

మెషీన్ ముందు నిలబడ్డది జడ్జిగారొక్కరే. సెలూన్‌లో అందరూ ఆయన వైపు చూశారు. ఒక చిన్న కుక్క మొరిగింది.

"ఎవర్నీ?" అన్నారు ఆయన.

మెషీన్ మర్యాదగా ఇంకోసారి చెప్పింది.

ముప్ఫై ఏళ్లు దొంగల్ని లోపలికి పంపిన మనిషి ఆయన. మెషీన్ తలుపు తెరుచుకునేలోపే ఈయన బయటి తలుపు తీసుకుని వెళ్లిపోయారు. దూదిబస్తా మామూలు సైజులో, మామూలు కళ్లతో, తళతళలాడుతూ బయటికొచ్చి చుట్టూ చూసింది. తనవాళ్లెవరూ లేరు. వెళ్లి అత్తయ్య కాళ్ల దగ్గర కూర్చుంది.

నవ్వు ఆపుకోలేక గడ్డం తువ్వాళ్ల అరలో తల దూర్చాడు. మేనేజర్ పళ్లు మళ్లీ కనబడవు.

జూన్ 20, శుక్రవారం

జడ్జిగారు నష్టపరిహారం అడగడం లేదట. క్షమాపణ కూడా అక్కర్లేదట. "నా కుక్క ఏది?" అని మాత్రం అడుగుతున్నారట.

జూన్ 23, సోమవారం

నేనూ గడ్డమూ ఒక కుర్చీ పక్కన ఇంకో కుర్చీ లాక్కుని, పోట్లాడుకుంటూ మళ్లీ రాశాం. ముందు పేరు కొలవాలి. అంత చోటు అడగాలి. చోటు దొరికాకే రాయాలి. దొరక్కపోతే దొరకలేదని చెప్పాలి, పక్కవాళ్ల మీద కూర్చోకూడదు. మొత్తం పదకొండు లైన్లయింది. గడ్డం తన ఒక్క లైనుని చెరిపేముందు ఇంకోసారి చదువుకున్నాడు. నేనూ చదువుకున్నాను. మా కారణాలు వేరు.

పరీక్షకి అత్తయ్య తన పుట్టింటివాళ్లందరి పేర్లూ కలిపి ఒకే కుక్క పేరుగా కొట్టింది. రగ్గు సరైన టైముకి బయటికొచ్చింది. మెషీన్ ఆ పేర్లన్నీ చదవడానికి పట్టిన టైములో మేం టీ తాగొచ్చాం. మధ్యలో అత్తయ్య కళ్లు తుడుచుకుంది. "మా పెద్దన్నయ్య పేరు ఎంత గౌరవంగా చదివిందమ్మాయ్" అంది.

జూన్ 24, మంగళవారం

కుక్కని తీసుకుని జడ్జిగారింటికి వెళ్లాం, నేనూ అత్తయ్యా. రావద్దన్నా వచ్చింది. దారంతా కుక్కతో మాట్లాడుతూనే ఉంది, "మళ్లీ కనబడతావో లేదో" అంటూ. నాతో ఒక్కమాట లేదు.

జడ్జిగారు గేటు దగ్గరికి వచ్చారు. లుంగీలో, సూటు లేకుండా, చిన్నగా కనిపించారు. వరండాలో కుక్క గిన్నె కడిగి బోర్లించి ఉంది.

కుక్క ఆయన్ని చూసి తోక ఊపింది. ఆయన ఒక క్షణం ముందుకి వంగారు. మళ్లీ నిటారుగా నిలబడి, గొంతు సవరించుకుని, కోర్టులో పిలిచినట్టు పిలిచారు.

"దొంగలగండా! ప్రచండ భైరవా! ఇటు రా!"

తోక ఆగిపోయింది. కుక్క వచ్చి అత్తయ్య చీర కుచ్చెళ్ల వెనక దాక్కుంది.

"చూశారా," అన్నారు జడ్జిగారు. "నా పెంపకమైతే నన్ను చూసి దాక్కుంటుందా? తీసుకెళ్లిపోండమ్మా."

నేను బొచ్చు గురించి, మెమరీ గురించి ఏదో మొదలుపెట్టాను. అత్తయ్య నన్ను మోచేత్తో పొడిచింది.

"అన్నయ్యగారూ, ఆ పేరు పెట్టి మీరు దాన్ని ఎప్పుడు పిలుస్తారు?"

"చుట్టాలొచ్చినప్పుడు. ఇంకా... ఏదైనా తప్పు చేస్తే కేకలేసేటప్పుడు."

"మరి తిడుతున్నారనుకోదూ? ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఏమని పిలుస్తారో అలా పిలవండి."

జడ్జిగారు నా వైపు చూశారు. గేటు వైపు చూశారు. పక్కింటి మేడ వైపు చూశారు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆడవాళ్ల ముందు..." అన్నారు.

"మేం అటు తిరుగుతాం."

అటు తిరిగాం. వెనకనించి, ఆ గొంతు ఆయనదంటే ఎవరూ నమ్మరు, "చిట్టీ... నా చిట్టి కన్నా... నాన్న దగ్గరికి రావా?" అని వినిపించింది. ఆ వెంటనే పెద్ద చప్పుడు. తిరిగి చూస్తే జడ్జిగారు వరండా మెట్లమీద వెల్లకిలా పడి ఉన్నారు. కుక్క ఆయన మీద నిలబడి మొహమంతా నాకుతోంది. ఆయన కళ్లజోడు ఎగిరి పూలకుండీలో పడింది. "లేవరా, లేవరా చిట్టీ, మనుషులున్నారు" అంటూనే దాన్ని రెండు చేతులతో పట్టుకున్నారు. లేవనివ్వలేదు.

వచ్చేటప్పుడు అత్తయ్య దారంతా ముక్కు చీదింది. జలుబట.

జూన్ 26, గురువారం

సెలూనక్క ఫోను. ఆ దూది కుక్కని చూసినవాళ్లు తమ కుక్కలకీ అలాగే చేయమని అడుగుతున్నారట. సంఘం వాళ్లు మెషీన్లు తీసుకుంటారట, అలా ఉబ్బించే మీట ఒకటి పెడితే. మేం ఇంత కష్టపడి తీసేసిన తప్పుని, ఈసారి కావాలని రాయాలి. గడ్డం ఉత్సాహంగా ముందుకొచ్చాడు. ఒక్క లైన్లో రాస్తాడట. ససేమిరా అన్నాను.

జూన్ 28, శనివారం

జడ్జిగారు కుక్కతో సెలూన్‌కి వస్తున్నారని తెలిసి, మేనేజరూ గడ్డమూ నేనూ ముందే వెళ్లి నిలబడ్డాం. అత్తయ్య కూడా వచ్చింది, రగ్గు ఉతికించుకోవడానికట. మా పదకొండు లైన్లకి అసలైన పరీక్ష ఇదే. నూట ఆరు గదులు. కావాలంటే వెయ్యి. ఎన్ని బిరుదులైనా కొట్టుకోండి సార్ అన్నట్టు నిలబడ్డాను.

జడ్జిగారు తెర దగ్గరికి వెళ్లారు. మా అందరివైపూ ఒకసారి చూశారు. తర్వాత, చూస్తే చూడనీ అన్నట్టు, నిదానంగా కొట్టారు.

చిట్టి.

పద్దెనిమిది గదులు. పాత నలభైలోనే కాళ్లు చాపుకుని పడుకునేది.